గుండెపోటు వైద్యంలో కిడ్నీలు దెబ్బతినకుండా: ఏది ఎంచుకోవాలి, ఏది వదిలేయాలి

క్యాథ్‌ల్యాబ్ (గుండె నాళాలను డైతో చూసే గది) తలుపు దగ్గర కాగితం చేతికిచ్చి, "డై వల్ల కిడ్నీలు దెబ్బతినే అవకాశం ఉంది, ఇక్కడ సంతకం పెట్టండి" అంటారు. పెన్ను అక్కడే ఆగిపోతుంది. లోపల ఉన్నావిడకు పదిహేనేళ్లుగా షుగరు, క్రియాటినిన్ (కిడ్నీల పని చెప్పే రక్త పరీక్ష) కొంచెం ఎక్కువుందని ఎప్పుడో ఎవరో అన్న గుర్తు. "గుండె బాగుపడి కిడ్నీలు పోతే ఎలాగండీ?" అని కొడుకు అడుగుతాడు. "ముందు ఇంజెక్షన్‌తో చూద్దాం లేరా" అంటాడు బాబాయి.

ఆ పది నిమిషాల్లో తేల్చుకోవాల్సినవీ, ఆ తర్వాత మూడు రోజుల్లో అడిగి చేయించుకోవాల్సినవీ పక్కపక్కన పెట్టి చూద్దాం. డ్యూటీ డాక్టర్లకూ నర్సులకూ పనికొచ్చే లెక్కలు కూడా మధ్యలో ఉన్నాయి. ఒక్క మాట ముందే చెప్పేయాలి. ఈ విషయంలో నిజంగా పనిచేసేవి చాలావరకు చవకైనవి. ఖరీదైన పద్ధతుల్లో చాలావాటికి పేరే తప్ప ఫలితం లేదు.

నేరమంతా డైది కాదు

కిడ్నీ లోపలి పొరకు మామూలు రోజుల్లోనే ఆక్సిజన్ బొటాబొటిగా అందుతుంది. గుండెపోటులో పంపు బలహీనపడి బీపీ పడిపోతే ముందు ఎండిపోయేది ఆ పొరే. దాని మీద డై వచ్చి పడుతుంది. అయోడిన్ కలిసిన ఆ చిక్కటి ద్రవం సన్నటి గొట్టాల్లో నెమ్మదిగా కదులుతూ, వాటి గోడల కణాలను నేరుగా కూడా దెబ్బతీస్తుంది. రక్తస్రావం, వాంతులు, విపరీతంగా పెరిగిన షుగరు, అంతకుముందు మింగిన నొప్పి మాత్రలు తలా ఒక చెయ్యి వేస్తాయి.

ఏది ఎంత బరువో చూడటానికి 2004లో వచ్చిన మెహ్రాన్ స్కోరు మంచి తక్కెడ. బీపీ బాగా పడిపోయి మందులతో నిలబెట్టాల్సి వస్తే 5 మార్కులు. గుండె వైఫల్యానికి 5, వయసు 75 దాటితే 4, రక్తహీనతకు 3, షుగరుకు 3. డైకి మాత్రం ప్రతి 100 మి.లీ.కి ఒక్క మార్కే. అంటే ఆ తక్కెడలో బీపీ పడిపోవడం అర లీటరు డైతో సమానం. రక్తహీనత 300 మి.లీ. డైతో సమానం. ఈ స్కోరు అత్యవసర గుండెపోటు కోసం ప్రత్యేకంగా తయారైంది కాదు కనుక అది చెప్పే శాతాలను పట్టుకోకుండా, మార్కుల మధ్య తేడానే చూడాలి. ఆ తేడా చూశాక అర్థమయ్యేది ఒకటుంది. మూసుకుపోయిన రక్తనాళాన్ని త్వరగా తెరిచి, బీపీని నిలబెట్టడం కిడ్నీ వైద్యంలోనూ మొదటి మెట్టే.

స్టెంటా, కరిగించే ఇంజెక్షనా, రెండూ వద్దా?

గుండెపోటు రెండు రకాలు. ఈసీజీలో ఎస్‌టీ గీత పైకి లేచి ఉంటే స్టెమీ అంటారు. అక్కడ రక్తనాళం పూర్తిగా మూసుకుపోయి ఉంటుంది, ప్రతి నిమిషం కండ చనిపోతుంటుంది. క్రియాటినిన్ రిపోర్టు వచ్చేదాకా ఆగుదామనడం తప్పు. రక్తం తీసి ల్యాబుకు పంపించి, రోగిని క్యాథ్‌ల్యాబులోకి తీసుకెళ్లాలి. రెండోది ఎన్‌స్టెమీ. బీపీ నిలకడగా ఉండి, నొప్పి తగ్గితే ఇక్కడ కొన్ని గంటల నుంచి ఒకటి రెండు రోజుల వరకు వ్యవధి దొరుకుతుంది. కిడ్నీని సిద్ధం చేసుకునే అవకాశం ఇక్కడే ఎక్కువ. కాబట్టి డాక్టరును అడగాల్సిన మొదటి ప్రశ్న "ఇది స్టెమీనా, కాదా?" అన్నదే.

స్టెమీలో ఈసీజీ తీసినప్పటి నుంచి 120 నిమిషాల్లోపు యాంజియోప్లాస్టీ (గొట్టం పంపి నాళాన్ని తెరిచి స్టెంటు వేయడం) జరిగే వీలుంటే అదే మేలు, కిడ్నీ జబ్బు ఉన్నా సరే. ఆ వీలు లేకపోతే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ముందు పడాలి. ఇచ్ఛాపురంలో నొప్పి మొదలైనవాళ్లకు విశాఖ రెండొందల కిలోమీటర్లకు పైనే. అంబులెన్సులో కరిగిపోయే ఆ సమయాన్ని ఏ స్టెంటూ వెనక్కి తేలేదు. దగ్గర్లోని ఆసుపత్రిలో ఇంజెక్షన్ తీసుకుని, రక్తనాళం తెరుచుకున్నట్టు కనిపిస్తే 2 నుంచి 24 గంటల్లోపు పెద్దాసుపత్రిలో యాంజియోగ్రామ్ (డైతో నాళాల బొమ్మ తీయడం) చేయించుకోవడం సరైన దారి. తెరుచుకోకపోతే ఆగకుండా వెంటనే వెళ్లాలి.

ఇంజెక్షన్‌లో డై లేదు కనుక కిడ్నీకి అది మంచిదని బాబాయి అన్నమాటలో సగమే నిజం. కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లలో మెదడులో రక్తస్రావం లాంటి ప్రమాదాలు కరిగించే మందుతో ఎక్కువ. పైగా మందుల్లోనూ తేడా ఉంది. స్ట్రెప్టోకైనేజ్ 15 లక్షల యూనిట్లు అరగంట నుంచి గంటసేపు ఎక్కిస్తారు, అది ఎక్కుతుండగా బీపీ పడిపోవడం తరచూ చూసేదే. టెనెక్టిప్లేస్ బరువును బట్టి 30 నుంచి 50 మి.గ్రా. వరకు పది సెకన్లలో ఒకే పోటుగా ఇస్తారు, బీపీని అంతగా కదిలించదు. రెండూ అందుబాటులో ఉంటే కిడ్నీ తరఫున ఓటు టెనెక్టిప్లేస్‌కే. 75 ఏళ్లు దాటినవాళ్లకు సగం మోతాదు గురించి గుర్తుచేయడం మాత్రం మరవద్దు.

బీపీ పడిపోయి, ఒళ్లు చల్లబడి, మూత్రం ఆగిపోయిన రోగికి "కిడ్నీలు పోయాయి, ఇక యాంజియోగ్రామ్ చేయలేం" అనడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. మూత్రం ఆగింది రక్తం అందక. నాళం తెరవకపోతే అది తిరిగి రాదు.

చెయ్యా, గజ్జా?

గుండె నాళాలకు చేరే గొట్టాన్ని మణికట్టు నుంచి పంపితే రక్తస్రావం తక్కువ. బృహద్ధమని కింది భాగంలోంచి, కిడ్నీ నాళాల పక్కనుంచి గొట్టం వెళ్లే పనీ ఉండదు కనుక అక్కడి కొవ్వు ముక్కలు ఊడి కిడ్నీల్లోకి చేరే ముప్పు తగ్గుతుంది. మ్యాట్రిక్స్ అధ్యయనంలో ఎనిమిది వేల మందికి పైగా గుండెపోటు రోగుల్ని చూస్తే, చేతి నుంచి చేసినవాళ్లలో 15.4 శాతం మందికి, గజ్జ నుంచి చేసినవాళ్లలో 17.4 శాతం మందికి కిడ్నీ దెబ్బతింది. తేడా చిన్నదే కానీ దీనికి అదనంగా ఖర్చు లేదు. సాధారణంగా చెయ్యే మేలు.

దీనికొక మినహాయింపు ఉంది, చాలామందికి గుర్తురాదు. డయాలసిస్ కోసం ఫిస్టులా (ధమనినీ సిరనూ కలిపి కుట్టిన చోటు) ఉన్న చేతిని ముట్టుకోకూడదు, బీపీ పట్టీ కూడా కట్టకూడదు. ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీలు నిమిషానికి ఎంత వడకడతాయో చెప్పే అంచనా) 30 కంటే తగ్గి, రేపోమాపో ఫిస్టులా అవసరమయ్యేవాళ్లలో మణికట్టు ధమని పూడిపోతే ఆ చేతికి ఫిస్టులా పెట్టే అవకాశం చెడుతుంది. అలాంటివాళ్లకు రెండో చెయ్యి, బొటనవేలి మొదలు దగ్గరి నాళం, లేదా గజ్జ అని డాక్టరు ఆలోచించి ఎంచుకోవాలి. సెలైన్ సూది కూడా ముంజేతి నరాల్లో కాకుండా అరచేతి వెనక గుచ్చమని నర్సును అడగండి.

డై: ఏ రకం, ఎంత?

ఇంటివాళ్లు ఎక్కువగా అడిగేది రకం గురించి. అడగాల్సింది పరిమాణం గురించి.

రకాల సంగతి ముందు తేల్చేద్దాం. మన రక్తం సాంద్రత (ఆస్మొలాలిటీ, అంటే అందులో కరిగిన కణాల లెక్క) సుమారు 290. అయోడిక్సనాల్, అంటే విజిపేక్, సరిగ్గా అంతే ఉంటుంది. అయోహెక్సాల్, అంటే ఆమ్నిపేక్ 350, దానికి దాదాపు మూడింతలు. 2003లో 129 మంది షుగరు రోగుల మీద జరిగిన నెఫ్రిక్ అధ్యయనంలో అయోడిక్సనాల్‌తో 3 శాతం, అయోహెక్సాల్‌తో 26 శాతం మందికి కిడ్నీ దెబ్బతినడంతో ఖరీదైన డైకి గిరాకీ పెరిగింది. తర్వాత పెద్ద పోలికలు వచ్చాయి, మిగతా మామూలు డైలతో చూస్తే అంత తేడా కనపడలేదు. కారణం కూడా ఊహించగలిగిందే, అయోడిక్సనాల్ సాంద్రత తక్కువే గాని చిక్కదనం ఎక్కువ. ఈజీఎఫ్‌ఆర్ బాగా తక్కువున్నవాళ్లకు, ఇంట్లో మోయగలిగితే అయోడిక్సనాల్ తీసుకోవచ్చు, తప్పు లేదు. అది లేదని వైద్యం ఆపడం మాత్రం తప్పు. 150 మి.లీ. ఖరీదైన డై కంటే 60 మి.లీ. మామూలు డై కిడ్నీకి నయం.

ఇక పరిమాణం. దీనికి ఈజీఎఫ్‌ఆర్ తెలియాలి, ఉత్త క్రియాటినిన్ చాలదు. క్రియాటినిన్ 1.4 ఉన్న 30 ఏళ్ల కుర్రాడి ఈజీఎఫ్‌ఆర్ సుమారు 69. అదే 1.4 ఉన్న 68 ఏళ్ల ఆవిడకు సుమారు 41. రిపోర్టు మీద ఇద్దరిదీ ఒకటే అంకె. ఆవిడ కిడ్నీల పని మాత్రం ఎంతో తక్కువ. వయసు, ఆడా మగా, క్రియాటినిన్ వేస్తే 2021 సీకేడీ-ఎపీ సూత్రంతో ఫోన్లో అర నిమిషంలో వస్తుంది.

ఈజీఎఫ్‌ఆర్‌కు రెండింతల మి.లీ. లోపు ఉంటే నిశ్చింత, మూడింతలు దాటితే ప్రమాద రేఖ. ఆవిడ విషయంలో 82 మి.లీ. లోపు ముగించాలని చూడాలి, 123 దాటకూడదు. నాళాలు చూడటానికి మాత్రమే 30 నుంచి 60 మి.లీ. పడుతుంది, ఒక స్టెంటు కూడా వేస్తే మొత్తం 100 నుంచి 150 వరకు పోవడం మామూలే. అంటే జాగ్రత్త పడకపోతే ఆవిడకు గీత దాటినట్టే. ఈ అంకెను కేసు మొదలవకముందే బోర్డు మీద రాసి పెట్టి, టెక్నీషియన్ ప్రతి 20 మి.లీ.కి గట్టిగా చెప్పే అలవాటున్న క్యాథ్‌ల్యాబుల్లో డై తక్కువ ఖర్చవుతుంది. చెప్పేవాళ్లు లేకపోతే లెక్క చివర్లో గాని తెలియదు.

ఎక్కడ వృథా అవుతుందంటే, ఎడమ జఠరికను (గుండె కింది గదిని) డైతో నింపి తీసే బొమ్మకు ఒక్కదానికే 30 నుంచి 40 మి.లీ. కావాలి. ఆ సమాచారం ఎకోలో (గుండె అల్ట్రాసౌండ్) డై చుక్క లేకుండా వస్తుంది. గొట్టంలో నిలిచిపోయిన డైని వెనక్కి లాగకుండా పారేయడం, పక్క రంధ్రాలున్న గైడ్ గొట్టం వాడటం, తీగ సరిగా వెళ్లిందా లేదా అని అస్తమానం కాస్త డై "పఫ్" కొట్టడం, ఇవన్నీ పోగై 40, 50 మి.లీ. అవుతాయి. తీగ మొనతో పాత బొమ్మను పోల్చి చూసుకుంటే ఆ పఫ్‌లలో సగం అక్కర్లేదు.

నాళం లోపలి నుంచి అల్ట్రాసౌండ్‌తో చూసే ఐవస్ ఈ విషయంలో బాగా పనికొస్తుంది. 2014లో వచ్చిన మొజార్ట్ అధ్యయనంలో మామూలు పద్ధతిలో సగటు వ్యక్తికి 64.5 మి.లీ. డై పడితే, ఐవస్‌తో 20 మి.లీ. సరిపోయింది. ఓసీటీ అనే మరో పద్ధతి ఉంది, బొమ్మ ఇంకా స్పష్టంగా వస్తుంది గాని దానికి మామూలుగా డైతోనే నాళాన్ని కడగాలి. కిడ్నీ కోసం అయితే ఐవస్. ఖర్చు పెట్టగలిగే డబ్బు పరిమితంగా ఉండి, ఖరీదైన డై, ఐవస్ రెండిట్లో ఒకటే ఎంచుకోవాలంటే ఐవస్ ఎంచుకోండి, ఆపరేటరుకు దాని మీద చెయ్యి తిరిగి ఉంటేనే.

ఉద్దానం వైపు నుంచి వచ్చేవాళ్ల గురించి ఒక మాట. కవిటి, సోంపేట, కంచిలి, పలాస మండలాల్లో కనిపించే కిడ్నీ జబ్బు గొట్టాల భాగాన్ని ముందు తినేస్తుంది. మూత్రంలో అల్బుమిన్ పెద్దగా పోదు, షుగరు ఉండదు, బీపీ కూడా చాలామందికి మామూలే. "మూత్ర పరీక్ష బాగానే ఉంది" అని నమ్మి డై లెక్క వదిలేయకూడదు. ఊరు, చేసే పని అడిగి, ఈజీఎఫ్‌ఆర్ చూసి తీరాలి.

సెలైన్: అన్నిటికంటే చవక, చెయ్యి జారితే అన్నిటికంటే ప్రమాదం

డై ఎక్కించే ముందూ వెనకా ఒంట్లో నీరు సరిపడా ఉండేట్టు చూడటమే ఇప్పటికీ ముఖ్యమైన జాగ్రత్త. వ్యవధి ఉన్న ఎన్‌స్టెమీలో 0.9 శాతం సెలైన్ కిలోకు గంటకు 1 మి.లీ. చొప్పున 12 గంటలు ముందు, 12 గంటలు తర్వాత ఇస్తారు. 60 కిలోల మనిషికి గంటకు 60 మి.లీ. మామూలు సెట్టులో 20 చుక్కలు ఒక మి.లీ. కనుక గంటకు కావాల్సిన మి.లీ.ను మూడుతో భాగిస్తే నిమిషానికి ఎన్ని చుక్కలో వచ్చేస్తుంది. ఇక్కడ 20 చుక్కలు. అర లీటరు సీసా ఎనిమిది గంటలకు పైగా రావాలి. రెండు గంటల్లో అయిపోయిందంటే ఎవరో చక్రం తిప్పారన్నమాట. గుండె బలం, అంటే ఈఎఫ్, 35 శాతం కంటే తక్కువున్నా, ఆయాసం ఉన్నా సగానికి తగ్గించాలి. నిమిషానికి 10 చుక్కలు.

స్టెమీలో ముందు 12 గంటలనే ప్రశ్నే లేదు. క్యాథ్‌ల్యాబులోనే మొదలుపెట్టి తర్వాత కొనసాగిస్తారు. ఎంత వేగంతో అన్నదానికి మంచి కొలత ఒకటి ఉంది. ఎడమ జఠరికలో గొట్టం పెట్టి ఎల్‌వీఈడీపీ అనే పీడనం చూడటానికి ఒక నిమిషం చాలు, డై అక్కర్లేదు. 2014 పొసైడన్ అధ్యయనంలో ఆ పీడనం 13 కంటే తక్కువుంటే కిలోకు గంటకు 5 మి.లీ., 13 నుంచి 18 మధ్య అయితే 3, అంతకు మించితే 1.5 చొప్పున నాలుగు గంటలు ఇచ్చారు. 60 కిలోలకు లెక్కేస్తే మొత్తం 1200, 720, 360 మి.లీ. అలా ఇచ్చినవాళ్లలో 6.7 శాతం మందికి, అందరికీ ఒకే వేగంతో ఇచ్చినవాళ్లలో 16.3 శాతం మందికి కిడ్నీ దెబ్బతింది. అందులో ఉన్నది ముందుగా తేదీ వేసుకుని వచ్చిన రోగులు. అయినా గుండెపోటులో గుడ్డిగా సీసాలు వేలాడదీయడం కంటే ఈ కొలత చేతిలో ఉండటం నయం.

గుండెపోటు ఏ గోడకు వచ్చిందన్నది కూడా చూడాలి. కింది గోడకు వచ్చి కుడి జఠరిక దెబ్బతింటే బీపీ నిలవడానికే సెలైన్ కావాలి. ముందు గోడ పెద్దగా దెబ్బతిని ఊపిరితిత్తుల్లో గరగర వినిపిస్తుంటే అదే సెలైన్ మనిషిని ముంచుతుంది. పక్క మంచం ఆయనకు మూడు సీసాలు పెట్టారు, మాకు ఒకటే పెట్టారని నర్సుతో గొడవ పడకండి. పడుకుంటే ఆయాసం, దగ్గు మొదలైతే మాత్రం తెల్లవారేదాకా ఆగకుండా వెంటనే పిలిచి చుక్కలు ఆపించండి.

2017లో నెదర్లాండ్స్‌లో జరిగిన అమాసింగ్ అధ్యయనాన్ని చూపించి "అసలు సెలైనే అక్కర్లేదు" అనేవాళ్లున్నారు. ఈజీఎఫ్‌ఆర్ 30 నుంచి 59 మధ్య ఉన్న 660 మందిలో సెలైన్ ఇవ్వకపోయినా నష్టం కనపడలేదు, ఇచ్చినవాళ్లలో 5.5 శాతం మందికి సెలైన్ వల్లనే ఇబ్బందులు వచ్చాయి. నిజమే. కానీ వాళ్లు గుండెపోటుతో మంచం పట్టినవాళ్లు కారు. నిలకడగా ఉన్నవాళ్ల ఫలితాన్ని రక్తప్రసరణ ఊగిసలాడుతున్న మనిషికి అంటగట్టకూడదు.

సోడియం బైకార్బొనేట్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. 2018లో సుమారు ఐదు వేల మందితో జరిగిన ప్రిజర్వ్ అధ్యయనంలో అది సెలైన్‌ను మించలేదు. ఆంప్యూళ్లు పగలగొట్టి సీసాలో కలిపేటప్పుడు లెక్క తప్పే అవకాశం ఒకటి అదనం. సెలైన్ చాలు.

మాత్రలు, పొడులు, మిగతావి

ఎన్-అసిటైల్ సిస్టీన్. కుళ్లిన గుడ్డు వాసన వచ్చే ఈ మాత్రను 600 లేదా 1200 మి.గ్రా. చొప్పున రోజుకు రెండుసార్లు రెండు రోజులు రాయడం ఏళ్ల తరబడి అలవాటు. 2011లో బ్రెజిల్‌లో 2308 మందితో జరిగిన యాక్ట్, ఆ తర్వాత ప్రిజర్వ్, రెండూ దానివల్ల లాభం లేదనే తేల్చాయి. రాస్తే పెద్ద హాని లేదు, కానీ "కిడ్నీ మాత్ర వేశాం కదా" అన్న ధైర్యంతో డై లెక్క వదిలేయడమే హాని.

మూత్రం ఎక్కువ పోయాలని లాసిక్స్ ముందే ఇవ్వడం అంతకంటే చెడ్డది. 1994లోనే ఈ పోలిక జరిగింది. సెలైన్ ఒక్కటే ఇచ్చినవాళ్లలో 11 శాతం మందికి, లాసిక్స్ కలిపినవాళ్లలో 40 శాతం మందికి క్రియాటినిన్ పెరిగింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరినప్పుడు లాసిక్స్ ఇవ్వడం వేరు, అది ప్రాణం కోసం.

పనిచేసే మాత్ర స్టాటిన్, అంటే కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర. గుండెపోటుకు ఎలాగూ ఇవ్వాల్సిందే, యాంజియోగ్రామ్‌కు ముందే వేస్తే కిడ్నీకి కూడా కలిసొస్తుంది. ప్రాటో-ఏసీఎస్ అధ్యయనంలో 504 మంది ఎన్‌స్టెమీ తరహా రోగుల్లో రోసువాస్టాటిన్ 40 మి.గ్రా. ముందే ఇచ్చిన వర్గంలో 6.7 శాతం, ఇవ్వని వర్గంలో 15.1 శాతం మందికి కిడ్నీ దెబ్బతింది. ఈజీఎఫ్‌ఆర్ 30 కంటే తక్కువుంటే రోసువాస్టాటిన్ 10 మి.గ్రా. దాటకూడదు కనుక అక్కడ అటార్వాస్టాటిన్ 80 ఎంచుకోవడం మేలు.

డై ఎక్కించాక దాన్ని బయటికి తీయడానికి ముందుజాగ్రత్తగా డయాలసిస్ చేయించమని కొందరు పట్టుబడతారు. అక్కర్లేదు. ఇప్పటికే డయాలసిస్‌లో ఉన్నవాళ్లకు కూడా నీరు ఎక్కువైతే తప్ప వాళ్ల మామూలు రోజుదాకా ఆగొచ్చు.

ఏ మందు ఆపాలి, ఏది ఆపకూడదు

ఛాతీ నొప్పిని గ్యాసో, నరం పట్టిందో అనుకుని డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ మింగి వచ్చేవాళ్లు ఎక్కువ. ఏమీ వేయలేదని దాచకండి. గత మూడు రోజుల్లో వేసినవన్నీ చెప్పండి, ఇకపై అవి ఆపేయండి. జెంటామైసిన్, అమికాసిన్ లాంటి యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు కూడా ఈ సమయంలో తప్పించాలి.

మెట్‌ఫార్మిన్ కిడ్నీని చెడగొట్టదు. కిడ్నీ చెడినప్పుడు అది ఒంట్లో పేరుకుపోయి ఆమ్లం పెంచుతుంది. అందుకే చేరిన రోజు ఆపి, 48 గంటల తర్వాత క్రియాటినిన్ చూసి మళ్లీ మొదలుపెడతారు. మాత్ర పేరు చివర ఎం1, ఎం2 అని ఉంటే చాలావాటిలో ఆ ఎం మెట్‌ఫార్మినే. షుగరుకు వాడే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ కూడా సరిగా తినని రోజుల్లో ఆపి, డాక్టరు చెప్పాకే మొదలుపెట్టాలి.

రక్తం పల్చబరిచే ఎనోక్సాపారిన్ కిలోకు 1 మి.గ్రా. రోజుకు రెండుసార్లు మామూలు మోతాదు. క్రియాటినిన్ క్లియరెన్స్ 30 కంటే తక్కువైతే రోజుకు ఒక్కసారే. ఇది మరిస్తే రక్తస్రావం, దాంతో బీపీ పడటం, దాంతో కిడ్నీ.

ఆపకూడనివి స్టెంటు మాత్రలు. ఆస్పిరిన్ 75, క్లోపిడోగ్రెల్ లేదా టికాగ్రెలార్ "వేడి చేస్తాయి, కిడ్నీకి మంచిది కాదు" అని ఇరుగుపొరుగు చెబితే మానేసి, స్టెంటు మూసుకుపోయి మళ్లీ అదే తలుపు దగ్గరికి వచ్చేవాళ్లున్నారు. రెండోసారి డై, రెండోసారి బీపీ పడటం.

అన్ని నాళాలూ ఒకేసారా, విడివిడిగానా?

మూడు నాళాల్లో అడ్డంకులున్నాయి, గుండెపోటు తెచ్చింది ఒకటే. షాక్‌లో (బీపీ పడిపోయి ఒంటికి రక్తం అందని స్థితి) ఉన్న మనిషికి సమాధానం సూటిగా ఉంది. 2017 కల్ప్రిట్-షాక్ అధ్యయనంలో ఆ ఒక్కదాన్నే తెరిచినవాళ్లలో నెల రోజుల్లో చనిపోయినవాళ్లు, డయాలసిస్ దాకా వెళ్లినవాళ్లు కలిపి 45.9 శాతం, అన్నీ ఒకేసారి చేసినవాళ్లలో 55.4 శాతం. నిలకడగా ఉన్నవాళ్లకు మిగతా నాళాలు కూడా చేయడం మంచిదే. 2019 కంప్లీట్ అధ్యయనం 4041 మందిలో ఆ సంగతి చూపింది, రెండో విడతకు 45 రోజుల దాకా గడువు ఇచ్చింది. కిడ్నీలు బలహీనంగా ఉంటే విడదీయడమే మా సలహా. మధ్యలో క్రియాటినిన్ పాత అంకెకు తిరిగి రావాలి, రాకముందు రెండో డై వద్దు. మళ్లీ రావాలంటే ఖర్చు, ఆరోగ్యశ్రీ అనుమతి అని కుటుంబాలు ఒకేసారి కానిచ్చేయమంటాయి. వాళ్ల ఇబ్బంది అబద్ధం కాదు గాని, 82 మి.లీ. హద్దు ఉన్నావిడకు ఒకే పూట మూడు స్టెంట్లకు 250 మి.లీ. పట్టించడం ఆ ఖర్చును ముందుకు జరపడమే అవుతుంది.

తర్వాతి మూడు రోజులు

డై దెబ్బ వెంటనే కనపడదు. క్రియాటినిన్ 24 నుంచి 48 గంటల్లో పెరగడం మొదలై, మూడో రోజు నుంచి ఐదో రోజు మధ్య శిఖరానికి చేరి, ఏడు నుంచి పది రోజుల్లో చాలామందికి తిరిగి దిగుతుంది. 48 గంటల్లో 0.3 పెరిగినా, వారంలో పాత అంకెకు ఒకటిన్నర రెట్లు అయినా కిడ్నీ దెబ్బతిన్నట్టే లెక్క. 1.4 ఉన్నావిడకు 1.7 వస్తే "కొంచెమే కదా" అనకూడదు. రెండో రోజే ఇంటికి పంపిస్తే, మూడో రోజు దగ్గర్లోని ల్యాబులో క్రియాటినిన్, పొటాషియం చేయించి ఫోటో పంపమని రాయించుకోండి.

మూత్రం కొలవాలి. కొలగిన్నె చాలు, గొట్టం అందరికీ అక్కర్లేదు. 60 కిలోల మనిషికి గంటకు 30 మి.లీ. కంటే తగ్గి ఆరు గంటలు గడిస్తే డాక్టరుకు చెప్పాలి.

కొబ్బరి బొండాలు వద్దు. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లూ రెండు తెస్తారు, వంద మి.లీ.లో 200 మి.గ్రా. పైచిలుకు పొటాషియం ఉంటుంది. గుండెకు కొత్తగా మొదలుపెట్టిన రామిప్రిల్, స్పైరొనోలాక్టోన్ కూడా పొటాషియం పెంచేవే. మూడూ కలిస్తే గుండె లయే తప్పుతుంది. మూలికల పొడులు, భస్మాలు కూడా ఈ నెలలో దూరం పెట్టండి. రామిప్రిల్ మొదలయ్యాక క్రియాటినిన్ 30 శాతం వరకు పెరగడం చాలాసార్లు ఊహించిందే, సొంతంగా ఆపేయకుండా రిపోర్టు చూపించండి. పొటాషియం 5.5 దాటితే మాత్రం అదే రోజు చూపించాలి.

వారం పది రోజులు బాగుండి, తర్వాత క్రియాటినిన్ మెల్లగా పెరుగుతూ, కాలివేళ్లు నీలంగా మారితే అది డై పని కాదు. ధమని గోడ నుంచి ఊడిన కొవ్వు కణికలు కిడ్నీల్లో ఇరుక్కుని ఉండొచ్చు, వెంటనే వెళ్లాలి.

డిశ్చార్జి కాగితం మీద మూడు అంకెలు ఉండేట్టు చూసుకోండి: వచ్చినప్పటి క్రియాటినిన్, వెళ్లేటప్పటి క్రియాటినిన్, ఎక్కించిన డై ఎన్ని మి.లీ. మూడోది చాలా కాగితాల మీద ఉండదు. అడిగితే క్యాథ్‌ల్యాబ్ రిజిస్టరు చూసి రాసిస్తారు. బిల్లులో ఉన్న డై సీసాలను బట్టి మీరే లెక్కేసుకోకండి, తెరిచిన సీసాలో సగం మిగిలిపోయి పారేసి ఉండొచ్చు.